ఊరు, కంపెనీ, ప్రభుత్వం కలిసి టూరిజం ప్రాజెక్టు పెడితే: సంతకానికి ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడవి అంచున ఉన్న ఒక ఊరి ఉమ్మడి భూమిలో 20 గదుల రిసార్టు కడతామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. అడవిలోకి సందర్శకులను తీసుకెళ్లే అనుమతి ప్రభుత్వం చేతిలో ఉంది. ఊరికి లాభాల్లో 10 శాతం, కొన్ని ఉద్యోగాలు ఇస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా? ఒప్పుకునే ముందు ఏం చూసుకోవాలి?

ఒప్పుకోవచ్చు గానీ ఆ మాటల మీద కాదు. "లాభాల్లో 10 శాతం" అనగానే అందరి కళ్లూ 10 మీద పడతాయి. బేరం కూడా దాని మీదే నడుస్తుంది: 15 ఇవ్వండి, కాదు 12 అని. తిరకాసంతా "లాభాల్లో" అన్న మాటలో ఉంది.

ఏడాది అమ్మకాలు 100 అనుకుని లెక్క వేద్దాం. జీతాలు, సరుకులు, కరెంటు, మరమ్మతులకు 58 పోతాయి. బుకింగ్ ఏజెంట్ల కమిషన్, ప్రచారం 12. బ్యాంకు వడ్డీ 10. తరుగుదల, అంటే కట్టడం, సామాను అరుగుదల కింద రాసుకునే ఖర్చు, 9. మాతృసంస్థకు నిర్వహణ ఫీజు 5, హెడ్ ఆఫీసు ఖర్చుల్లో వాటా 4. అన్నీ కలిపితే 98. మిగిలిన లాభం 2, అందులో 10 శాతం అంటే 0.2. అదే ఊరికి అమ్మకాల మీద 6 శాతం రాసి ఉంటే 6 వచ్చేది, అంటే 30 రెట్లు. ఇందులో దొంగలెక్క ఒక్కటీ లేదు, ఆడిటర్ కళ్లు మూసుకుని సంతకం పెడతాడు. పైగా చివరి రెండు పద్దులు చూడండి. నిర్వహణ ఫీజు, హెడ్ ఆఫీసు ఖర్చు కలిపి 9, లాభం అన్నది తేలకముందే కంపెనీ జేబులోకి వెళ్లాయి. లాభం 2 అయినా, సున్నా అయినా కంపెనీకి నష్టం లేదు. ఊరికే నష్టం.

అందుకే రాసుకోవాల్సిన పద్ధతి ఇది: ఏటా ఒక కనీస మొత్తం, లేదా అమ్మకాల మీద ఒక శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. కనీస మొత్తం ఏటా ధరల సూచీతో పాటు పెరగాలి. నమీబియాలో తర్వాత తోర్రా కన్సర్వెన్సీగా (వన్యప్రాణులను, టూరిజాన్ని చూసుకునే ఊళ్ల సంస్థగా) గుర్తింపు పొందిన సముదాయం, వైల్డర్నెస్ సఫారీస్ అనే కంపెనీ కలిసి 1996లో డమరాలాండ్ క్యాంపు మొదలుపెట్టినప్పుడు ఊరి వాటాను గదుల ఆదాయానికే ముడిపెట్టారు, సుమారు 10 శాతం. దక్షిణాఫ్రికా జాతీయ పార్కుల సంస్థ 2000 ప్రాంతంలో క్రూగర్ పార్కులో ప్రైవేటు క్యాంపులకు 20 ఏళ్ల కన్సెషన్లు (నడుపుకునే హక్కులు) ఇచ్చినప్పుడూ ఇదే దారి పట్టింది: కనీస రుసుము, టర్నోవర్‌లో (మొత్తం అమ్మకాల్లో) శాతం. ప్రభుత్వం తన వాటాను టర్నోవర్ మీద అడుగుతూ, ఊరికి మాత్రం లాభం మీద సరిపెట్టమంటే అక్కడే ఆగి కారణం అడగండి.

"అమ్మకాలు" అంటే ఏమిటో కూడా ఒప్పందంలో విడిగా అర పేజీ రాసుకోవాలి. గది అద్దె, భోజనం, పానీయాలు, జీపు, పడవ, గైడు రుసుము, దుకాణం అమ్మకాలు అన్నీ అందులో చేరాలి. ప్రభుత్వానికి కట్టే పన్నులు, పార్కు ప్రవేశ రుసుము మాత్రమే తీసేయాలి. ఏజెంటు కమిషన్ కోయకముందు ఉన్న మొత్తం మీద శాతం కట్టాలి. ఒకవేళ కోశాక కట్టేటట్లయితే ఆ కోతకు గరిష్ఠ పరిమితి పెట్టాలి. ఎక్కువమంది గమనించని చిల్లు ప్యాకేజీ దగ్గర ఉంటుంది. అదే కంపెనీకి నగరంలో ట్రావెల్ ఏజెన్సీ ఉంటుంది. ఐదు రోజుల ప్యాకేజీని 100కి అమ్మి, అందులో రెండు రాత్రుల రిసార్టు బసను 15గా పద్దు రాసుకుంటుంది. మిగతా 85 ఏజెన్సీ ఆదాయం. రిసార్టు లెక్కలు నిక్కచ్చిగానే ఉంటాయి, ఊరికి మాత్రం 15 మీదే శాతం వస్తుంది. దీనికి మందు ఒక్కటే: మనిషి-రాత్రికి, అంటే ఒక మనిషి ఒక రాత్రి బసకు, ఇంత అని ఒక కనిష్ఠ ధర రాసుకోవడం. పద్దులో ఎంత రాసుకున్నా వాటా లెక్కకు ఆ ధర కంటే తగ్గకూడదు. ఉచిత బసలు కూడా ఏడాది మొత్తం రాత్రుల్లో 3 శాతం దాటితే అదే ధరకు లెక్కలోకి రావాలి.

సరే, రాసుకున్నారు. చూసేదెవరు? ఊరి కమిటీకి ఏడాది చివర ఆడిట్ రిపోర్టు చేతికిస్తే అది 40 పేజీల కాగితం, అంతే. నెలనెలా ఒక్క పేజీ కావాలి: ఎన్ని గదులు ఎన్ని రాత్రులు నిండాయి, ఎంతమంది, ఎంత వచ్చింది, ఊరి వాటా ఎంత. 10వ తేదీకల్లా ఆ పేజీ, 15వ తేదీకల్లా డబ్బు. ఆ పేజీని సరిచూసుకోవడానికి అకౌంటెంటు అక్కర్లేదు. రిసార్టు లాండ్రీ పుస్తకంలో ఎన్ని దుప్పట్లు ఉతికారో ఉంటుంది. అడవి గేటు దగ్గర పర్మిట్ల రిజిస్టరు ఉంటుంది. ఒక్కో బసకు ఎన్ని దుప్పట్లు మారతాయో తెలుసు కాబట్టి నెలకు 310 మనిషి-రాత్రులని పేజీలో ఉండి, లాండ్రీ పుస్తకం 450కి సరిపడా దుప్పట్లు చూపిస్తే అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే. ఈ రెండు పుస్తకాలూ ఎప్పుడైనా చూసే హక్కు కమిటీకి ఉందని ఒక్క వాక్యం రాసుకుంటే చాలు. చాలాసార్లు ఆ వాక్యం ఉండడమే పని చేస్తుంది, తనిఖీ దాకా రాదు.

లాభంలో వాటా ఎప్పుడూ చెడ్డదేనా అంటే కాదు. పెరూలో ఇన్ఫియెర్నో అనే ఎసె ఎహా ప్రజల సముదాయం 1996లో రెయిన్‌ఫారెస్ట్ ఎక్స్‌పెడిషన్స్ అనే కంపెనీతో 20 ఏళ్లకు కుదుర్చుకున్న పొసాదా అమజోనాస్ ఒప్పందం లాభం మీదే నడిచింది: సముదాయానికి 60, కంపెనీకి 40. కానీ తేడా చూడండి. కట్టడం సముదాయం సొత్తు. నిర్ణయాల్లో సగం ఓటు వాళ్లది. ఊరు ఎన్నుకున్న కంట్రోల్ కమిటీ కంపెనీతో పాటు కూర్చుని ఖర్చులు చూసేది. ఖర్చు పద్దుల మీద చెయ్యి ఉన్నవాడు లాభంలో వాటా అడగవచ్చు. చెయ్యి లేనివాడు అమ్మకాల మీదే అడగాలి. ఇంతకంటే సులువైన సూత్రం నాకు తోచదు.

దీని వెనకే రెండో ప్రశ్న వస్తుంది: ఊరు అంటే ఎవరు? ఒప్పందంలో సంతకం పెట్టేది ఎవరు? సర్పంచో, పెద్దమనిషో పెడితే రేపు ఆయన మారగానే ఒప్పందం గాలిలో కలుస్తుంది, లేదా ఆయన ఇంటి వ్యవహారంగా మారుతుంది. చట్టం గుర్తించే సంస్థ ఒకటి కావాలి: సహకార సంఘం, ట్రస్టు, కంపెనీ, ఏదైనా సరే. ఇందులో నమీబియా చట్టం చేసిన పని శుభ్రంగా ఉంటుంది. 1996 సవరణ ప్రకారం కన్సర్వెన్సీగా గుర్తింపు కావాలంటే సరిహద్దులు పొరుగువాళ్లతో కలిసి తేల్చుకోవాలి, సభ్యుల జాబితా ఉండాలి, ప్రాతినిధ్యం ఉన్న కమిటీ, నియమావళి ఉండాలి, వచ్చిన లాభాలు ఎలా పంచుకుంటారో ముందే చెప్పాలి. మొదటి నాలుగు కన్సర్వెన్సీలకు 1998లో గుర్తింపు వచ్చింది, ఇప్పుడు అవి 80 దాటాయి. డబ్బు రాకముందే ఈ పనులన్నీ అయిపోవాలి. డబ్బు వచ్చాక సభ్యుల జాబితా రాయడం మొదలుపెడితే ఆ జాబితా పూర్తికాదు. పెళ్లయి వచ్చిన కోడలు సభ్యురాలా? పెళ్లయి వెళ్లిన కూతురు? పదేళ్ల క్రితం నగరానికి వలసపోయి ఇప్పుడు తిరిగొచ్చిన కుటుంబం? ఇంటికి ఒక సభ్యత్వమా, 18 దాటిన ప్రతి మనిషికా? ఇంటికి ఒకటే అంటే ఆచరణలో అది మగవాళ్ల జాబితా అవుతుంది. మనిషికి ఒకటి అంటే పెద్ద కుటుంబాలకు బలం పెరుగుతుంది. నా ఓటు రెండోదానికే. అయితే పంపకం మాత్రం ఇంటి లెక్కన పెట్టుకోవచ్చు.

డబ్బు ఏ దారిన వస్తుందన్నది అంతకంటే ముఖ్యం. జింబాబ్వేలో 1989లో మొదలైన క్యాంప్‌ఫైర్ కార్యక్రమం ఇందుకు పాఠం. వన్యప్రాణుల మీద వచ్చే ఆదాయంపై అధికారం జిల్లా కౌన్సిళ్లకు ఇచ్చారు, ఊళ్లకు కాదు. మార్గదర్శకం ప్రకారం కనీసం సగం ఊళ్లకు, 35 శాతం దాకా నిర్వహణకు, 15 శాతం దాకా కౌన్సిల్ పన్నుకు. ఆ సగం చాలాచోట్ల ఆలస్యంగా చేరింది, కొన్నిచోట్ల కౌన్సిల్ అవసరాలు తీరాక మిగిలింది చేరింది. చివరికి 2000 తర్వాతి దశకంలో సఫారీ ఆపరేటర్లు ఊళ్ల ఖాతాలకే నేరుగా కట్టే పద్ధతికి మళ్లాల్సి వచ్చింది. కాబట్టి కంపెనీ ఖాతా నుంచి ఊరి సంస్థ ఖాతాకు నేరుగా రావాలి. మధ్యలో ఏ శాఖ ఖాతా ఉన్నా, అక్కడి మనుషులు ఎంత మంచివాళ్లైనా, డబ్బు అక్కడ ఒక బడ్జెట్ ఏడాది నిద్రపోతుంది.

ప్రభుత్వం సంగతికి వద్దాం. ఈ ముగ్గురిలో దాని పాత్రే గందరగోళం, ఎందుకంటే అది ఒకేసారి అడవి భూమి యజమాని, రూల్స్ పెట్టే తనిఖీదారు, టూరిజం పెంచమనే ప్రచారకర్త. ఈ మూడు పనులూ ఒకే అధికారి చేతిలో ఉంటే సందర్శకుల సంఖ్య టార్గెట్ గెలుస్తుంది, తనిఖీ ఓడిపోతుంది. మార్చలేకపోయినా కనీసం ఒప్పందం మీద సంతకం పెట్టే శాఖ, పర్యావరణ తనిఖీ చేసే శాఖ వేరువేరుగా ఉండేలా చూసుకోవాలి.

ప్రభుత్వం నుంచి రాతపూర్వకంగా తీసుకోవాల్సినవాటిలో మొదటిది గడువు. లీజు 20 ఏళ్లు, అడవిలోకి తీసుకెళ్లే పర్మిట్ మాత్రం ఏటా రెన్యువల్ అంటే ఆ ఒప్పందం నిజానికి ఏడాది ఒప్పందమే. బ్యాంకు అప్పు ఇవ్వదు, ఇచ్చినా వడ్డీ ఎక్కువ. కంపెనీ కూడా పెట్టిందంతా మూడేళ్లలో రాబట్టుకోవాలని చూస్తుంది, చవక కట్టడం కడుతుంది. రెండోది హద్దు: ఈ చుట్టుపక్కల ఇంకెన్ని మంచాలకు అనుమతి ఇస్తారు? కెన్యాలో మసాయి మారా అభయారణ్యం చుట్టూ ఉన్న కన్సర్వెన్సీల్లో భూమి పట్టాలున్న మసాయి కుటుంబాలు క్యాంపు కంపెనీలకు ఉమ్మడిగా లీజుకిస్తాయి, సందర్శకులు వచ్చినా రాకపోయినా ఎకరాకు ఇంత చొప్పున అద్దె తీసుకుంటాయి. అక్కడ ఓలారె మోటోరోగిలో ఒక టెంటుకు 700 ఎకరాలు, ఒక క్యాంపులో 12 టెంట్లకు మించకూడదన్న లెక్క పెట్టుకున్నారు. ఆ లెక్క వల్లే ఒక్కో టెంటుకు పెద్ద ధర అడగగలుగుతున్నారు. హద్దు లేకపోతే మొదటి రిసార్టు లాభం చూసి పక్కన ఆరు లేస్తాయి, ధర పడిపోతుంది, వాటా కూడా దానితోనే పడిపోతుంది.

మూడోది ప్రవేశ రుసుములో వాటా. ఇది కంపెనీ ఇచ్చే వాటాకు అదనం. నేపాల్‌లో జాతీయ పార్కుల చుట్టూ ఉన్న బఫర్ జోన్ కమిటీలకు పార్కు ఆదాయంలో 30 నుంచి 50 శాతం తిరిగివ్వాలని చట్టమే చెబుతుంది. రువాండాలో 2005లో 5 శాతంతో మొదలుపెట్టి, 2017లో గొరిల్లా పర్మిట్ ధరను 1,500 డాలర్లకు పెంచినప్పుడు వాటాను 10 శాతం చేశారు. ఈ రెండు దేశాల్లోనూ ఆ డబ్బు ఎక్కువగా బడి, నీళ్లు, రోడ్డు లాంటి ఉమ్మడి పనులకే పోతుంది. అదొక చిక్కు. పంటను అడవి పంది పాడుచేసిన రైతుకు కొత్త బడి గది చూపిస్తే అతని కోపం తగ్గదు. నష్టం ఇంటికి జరుగుతోంది, లాభం ఊరికి వస్తోంది. అందుకే ఊరి వాటాలో కొంత, ఐదో వంతైనా, పంట, పశువుల నష్టానికి వారాల్లో చెల్లించే నిధిగా పక్కన పెట్టాలి. ఆర్నెల్ల తర్వాత వచ్చే పరిహారంతో ఎవరి మనసూ మారదు.

ఇవన్నీ కుదిరాక కూడా ప్రాజెక్టు నిలబడుతుందా అన్నది గదులు నిండడం మీద ఆధారపడుతుంది. 20 గదులు, 365 రోజులు: ఏడాదికి 7,300 గది-రాత్రులు. 35 శాతం నిండితే 2,555. కొత్త రిసార్టు మొదటి ఏడాది 20 శాతం నిండినా తప్పు పట్టనవసరం లేదు. అమెరికా ఖండాల్లో సముదాయాలు సొంతంగా నడిపే బసలను పరిశీలిస్తే చాలావాటిలో 5 శాతం గదులే నిండుతున్నాయని తేలింది. కట్టడానికి విరాళం దొరికింది, పర్యాటకుణ్ని తెచ్చే దారి దొరకలేదు. కంపెనీ ఈ భాగస్వామ్యంలోకి తెచ్చే అసలైన సొత్తు డబ్బు కాదు, బుకింగులు. కాబట్టి దాని బిజినెస్ ప్లాన్‌లో మొదట చూడాల్సింది, ఇప్పటికే నడుపుతున్న చోట్ల గత మూడేళ్లలో ఎన్ని రాత్రులు అమ్మింది, ఎవరి ద్వారా అమ్మింది అన్నది.

టెండర్‌లో ఎక్కువ శాతం ఇస్తానన్నవాడికే కట్టబెట్టడం కూడా ఇక్కడే దెబ్బకొడుతుంది. మొదటి ఏడాది నుంచే 60 శాతం నిండుతుందని ఊహించుకుని 18 శాతం రాసినవాడు రెండో ఏడాది చెల్లింపు ఆపేస్తాడు, మూడో ఏడాది తగ్గించమంటాడు. అప్పటికి ఊరి భూమిలో రిసార్టు లేచి ఉంటుంది, ఊరు కాదనలేదు. ముందు అనుభవం, డబ్బు సత్తా మీద వడపోసి, మిగిలినవాళ్లలోనే శాతం చూడాలి. ఆరు నెలల కనీస మొత్తానికి బ్యాంకు గ్యారంటీ తీసుకోవాలి. గ్యారంటీ ఇవ్వలేనివాడికి రిసార్టు కట్టే స్తోమత ఎక్కడిది?

ఉద్యోగాల గురించి "స్థానికులకు ప్రాధాన్యం" అని రాసుకుంటే ఏమీ రాసుకోనట్టే. తోటపని, పాచిపని, వాచ్‌మన్ కొలువులన్నీ ఊరికిచ్చి 80 శాతం స్థానికులే అని చూపించవచ్చు. హోదాల వారీగా రాయాలి: మూడో ఏడాదికి ఫ్రంట్ ఆఫీసులో సగం, ఐదో ఏడాదికి అకౌంట్స్‌లో కనీసం ఒకరు, ఏడో ఏడాదికి డిప్యూటీ మేనేజరు. శిక్షణ ఎవరి ఖర్చో, ఎన్ని నెలలో కూడా. "స్థానికుడు" అంటే ఒప్పందం తేదీకి ముందు కనీసం ఐదేళ్లుగా ఫలానా ఊళ్లలో ఉంటున్నవాడు అని తేల్చి చెప్పకపోతే, ఆరు నెలల ముందు అద్దెకు దిగినవాడు కూడా స్థానికుడే. అకౌంట్స్ కొలువు ఎందుకు ప్రత్యేకంగా రాశానో పైన లాండ్రీ పుస్తకం దగ్గరే తెలిసి ఉంటుంది.

ఉద్యోగాల కంటే ఎక్కువ ఇళ్లకు చేరేది సరుకుల కొనుగోలు. కేరళలో కుమరకోంలో 2008లో మొదలైన బాధ్యతాయుత టూరిజం కార్యక్రమంలో కుటుంబశ్రీ మహిళా సంఘాలు కూరగాయలు పండించి రిసార్టులకు అమ్మాయి, పంచాయతీ మధ్యలో నిలబడింది. ధర గురించి, నాణ్యత గురించి విడిగా కమిటీలు పెట్టుకున్నారు. వినడానికి తేలికే, చేయడం తేలిక కాదు. హోటల్ వంటగదికి వారానికి 40 కిలోల టమాటా ఒకే సైజులో, ఒకే రోజున కావాలి. సంఘం దగ్గర ఒక వారం 90 కిలోలు, మరో వారం 10. రెండు వారాలు సరుకు అందకపోతే షెఫ్ పాత మార్కెట్ వ్యాపారికే ఫోన్ చేస్తాడు, అతణ్ని తప్పు పట్టలేం. ఇక డబ్బు: హోటళ్లు బిల్లుకు 30 నుంచి 60 రోజులకు కడతాయి. కూలికి, విత్తనానికి వారం వారం చెల్లించుకునే మనిషి 60 రోజులు ఆగలేదు. నాలుగు బిల్లులు బాకీ పడగానే మానేస్తుంది. దీనికి చిన్న ఏర్పాటు చాలు: రెండు నెలల సరఫరా విలువంత ఒక రివాల్వింగ్ ఫండ్ పెట్టి, సరుకు దించిన రోజే సంఘానికి చెల్లించి, హోటల్ డబ్బు వచ్చినప్పుడు నిధిని నింపడం. నిధికి మూలధనం ప్రభుత్వం ఇవ్వవచ్చు, ఒప్పందం తొలి ఏడాది కనీస మొత్తంలోంచి తీయవచ్చు. మొదలుపెట్టేది కూడా 30 రకాలతో కాదు. నిల్వ ఉండే నాలుగైదు రకాలతో మొదలుపెట్టాలి.

నీళ్లు, మురుగు గురించి ఎవరూ ముందు మాట్లాడరు, చివరికి ప్రాజెక్టును మూయించేది అదే. 20 గదులు, 40 మంచాలు, మనిషికి రోజుకు 200 లీటర్లు అనుకుంటే 8,000 లీటర్లు. అందులో 80 శాతం మురుగుగా బయటికొస్తుంది, అంటే రోజుకు 6,400 లీటర్లు. సిబ్బంది, వంటగది, లాండ్రీ వేరు. దీన్ని సెప్టిక్ ట్యాంకులోకి వదిలి చేతులు దులుపుకుంటే రెండేళ్లలో ఊరి బావి నీళ్లు వాసన కొడతాయి. వేసవిలో ఊరి బోరు, రిసార్టు బోరు ఒకే నీటి పొర నుంచి తోడుకుంటే ఏది ముందు ఆగాలో రాసుకున్నారా? బావిలో నీటిమట్టం ఇంత లోతుకు దిగితే రిసార్టు ట్యాంకరు తెచ్చుకోవాలని అంకెతో సహా రాయాలి. ఫిలిప్పీన్స్‌లో బొరాకయ్ దీవిని 2018 ఏప్రిల్ 26 నుంచి ఆరు నెలలు మూసేసింది ముఖ్యంగా సముద్రంలోకి పోయే మురుగు వల్లే. తెరిచాక ఒకేసారి 19,215 మంది పర్యాటకులు, రోజుకు 6,405 మంది రాక అని హద్దు పెట్టారు. థాయ్‌లాండ్‌లో మాయా బే 2018 జూన్‌లో మూసేస్తే 2022 జనవరి దాకా తెరవలేదు. తెరిచాక పడవలు వెనకవైపు జెట్టీకే రావాలన్నారు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే ఇవన్నీ. మూసినన్నాళ్లూ పెద్ద హోటల్ గొలుసులు మరోచోట వ్యాపారం చేసుకున్నాయి. పడవ నడిపేవాడికి మరోచోటు లేదు.

రూలు పెట్టడం ఒక్కటే సరిపోదు, దానికి ముందు ప్రత్యామ్నాయం రావాలి. నేపాల్ అన్నపూర్ణ ప్రాంతంలో 1986లో పరిరక్షణ ప్రాజెక్టు మొదలుపెట్టినవాళ్లు ట్రెక్కింగ్ దారిలోని బసల్లో కట్టెలు కాల్చకూడదన్నారు, కానీ దారిలో కిరోసిన్ డిపో తెరిచాకే దాన్ని గట్టిగా అమలు చేశారు. బస యజమానుల కమిటీలు మెనూ, ధరలు ఒకటిగా నిర్ణయించుకున్నాయి. లేకపోతే పక్కవాడికంటే పావలా తగ్గించి పర్యాటకుణ్ని లాక్కోవడంలో అందరూ మునుగుతారు. అక్కడి ప్రవేశ రుసుము ఖజానాకు పోకుండా ఆ ప్రాంతపు పనులకే వాడుకునే వీలు ఉండడం వల్లే ఈ పనులకు డబ్బు దొరికింది.

2020 లాంటి ఏడాది మళ్లీ రాదని ఎవరూ అనలేరు. ఆ ఏడాది మారా చుట్టూ స్థిరమైన లీజు అద్దెలు కూడా కోతపడ్డాయి. ఊరి వాటాలో ఏటా 10 శాతం పక్కన పెట్టి, ఊరి సంస్థ ఆరు నెలల స్థిర ఖర్చులు, అంటే గార్డుల జీతాలు, నష్టపరిహార నిధి, దాటేదాకా ముట్టకూడదని నియమావళిలో రాసుకోవాలి. కనీస మొత్తం కట్టలేని పరిస్థితి వస్తే అది మాఫీ అవుతుందా, వాయిదా పడుతుందా అన్నది స్పష్టంగా ఉండాలి. వాయిదా అంటేనే ఒప్పుకోండి, అది కూడా ప్రభుత్వ ఉత్తర్వుతో ప్రాంతం మూతపడ్డ రోజులకు మాత్రమే.

సంతకానికి ముందు తొందర పెడతారు, సీజన్ పోతోందని. ముసాయిదా ఊళ్లో వాడే భాషలో చేతికొచ్చిన రోజుకీ, సభలో ఓటు వేసే రోజుకీ మధ్య కనీసం 60 రోజులు అడగండి. ఊరి తరఫు లాయరు ఊరు ఎంచుకున్నవాడై ఉండాలి. ఫీజు కంపెనీ ఇచ్చినా ముందే మూడో మనిషి ఖాతాలో వేయించాలి, ఒప్పందం కుదరకపోయినా ఆ ఫీజు అతనికి అందాలి. లేకపోతే అతను కుదర్చడానికే పని చేస్తాడు. సర్వే, సభ్యుల జాబితా, ముసాయిదా, ఓటు, అనుమతులు అన్నీ సక్రమంగా జరిగితే మొదటి ఇటుక పడడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. మూడు నెలల్లో అయిపోతుందన్నవాడు వీటిలో ఏదో ఒకటి దాటేస్తున్నాడు.

ఇక ముగింపు రోజు. ఎక్కువ ఒప్పందాలు "గడువు తీరాక ఆస్తులు ఊరికి చెందుతాయి" అని ఒక్క వాక్యంతో ఊరుకుంటాయి. చివరి మూడేళ్లలో ఏ కంపెనీ అయినా పైకప్పు మీద ఖర్చు పెట్టదు, జనరేటరు మార్చదు. చేతికొచ్చేది కారుతున్న కట్టడం. అందుకే గడువుకు 24 నెలల ముందు ఇద్దరూ ఒప్పుకున్న ఇంజినీరుతో తనిఖీ, మరమ్మతుల జాబితా, అవి పూర్తయ్యేదాకా ఒక డిపాజిట్ నిలిపి ఉంచడం రాసుకోవాలి. కట్టడంతో పాటు రిసార్టు పేరు, వెబ్‌సైట్ చిరునామా, ఫోన్ నంబరు, తీసుకున్న అడ్వాన్సు బుకింగులు ఎవరివో కూడా. ఊరి పేరు మీద 20 ఏళ్లు పేరు తెచ్చుకున్న వెబ్‌సైట్ కంపెనీ పేరున రిజిస్టరై ఉంటే, గడువు తీరిన మర్నాడు అదే పేరుతో పక్క లోయలో ఇంకో రిసార్టు తెరుచుకుంటుంది. ఊరి చేతిలో గదులుంటాయి, ఫోన్ మాత్రం మోగదు. ఆ చిరునామాను మొదటి రోజే ఊరి సంస్థ పేరున రిజిస్టరు చేసి, కంపెనీకి వాడుకునే హక్కు మాత్రం ఇవ్వండి. దానికయ్యే ఖర్చు ఏడాదికి ఒక గది-రాత్రి అద్దె కంటే తక్కువే.